కెమెరా కొన్నా, మనుషులు దొరకలేదు: మణుగూరులో సినిమా పిచ్చోళ్ల గుంపులో చేరిన కథ

వెనకాల ఏదైనా సౌండ్ వస్తే ఏమనుకోవద్దు, ఈరోజు మా డాబా మీద కూర్చుని చేస్తున్నా. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ పెడితే ఫోన్ కాస్త ఊగుద్ది, కంగారు పడకండి. మణుగూరు వాళ్లకి ఇది అలవాటే. మా ఇంట్లో గోడ గడియారం కూడా ఊగుద్ది.

పోయిన నెల నుంచి మీరు పంపుతున్న మెసేజుల్లో ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "అన్నా, షార్ట్ ఫిల్మ్ తీయాలని ఉంది, మా ఊళ్లో ఎవరూ లేరు, హైదరాబాద్ వచ్చేయమంటావా?" ఒక తమ్ముడు భూర్గంపాడు నుంచి రాశాడు, ఒక చెల్లి ఇల్లెందు నుంచి. ఒకతనైతే రాత్రి రెండింటికి వాయిస్ మెసేజ్ పెట్టాడు, నాలుగు నిమిషాలు. మొత్తం విన్నా తమ్ముడూ. ఈ ఎపిసోడ్ నీకే అనుకో.

నా సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా నాన్న సింగరేణిలో చేసి రిటైర్ అయ్యారు. నేను బీటెక్ చేశా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశా. 2020లో లాక్‌డౌన్ పడ్డాక లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చేశా. సికింద్రాబాద్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి మణుగూరులో దింపే రైలు ఒకటుంది కదా, అది చాలాకాలం నా జీవితం. ఆ రైలుకి మా ఊరే ఆఖరు స్టేషన్. దాని తర్వాత పట్టాలు లేవు. చిన్నప్పుడు నాకు అది చాలా గొప్పగా అనిపించేది, ఇంటర్ తర్వాత చాలా బాధగా అనిపించేది.

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉండగా ఒక మిర్రర్‌లెస్ కెమెరా కొన్నా. ఈఎంఐలో. ఒక లెన్స్, ఒక ట్రైపాడ్, ఒక చిన్న మైకు. యూట్యూబ్‌లో ట్యుటోరియల్స్ చూడటం మొదలుపెట్టా. కలర్ గ్రేడింగ్ నేర్చుకున్నా, ఫ్రేమ్ రేట్ అంటే ఏంటో నేర్చుకున్నా, లాగ్ ప్రొఫైల్ గురించి గంటసేపు వాదించగలిగేంత నేర్చుకున్నా. సినిమా మాత్రం తీయలా. పదకొండు నెలలు ఆ కెమెరా బీరువాలో ఉంది. అమ్మ వారానికోసారి సిలికా జెల్ ప్యాకెట్ మార్చేది, పచ్చడి జాడీ చూసుకున్నట్టు.

ఎందుకు తీయలేదు? కథ లేక కాదు. ముందు నిలబడేవాళ్లు లేరు, పక్కన నిలబడేవాళ్లూ లేరు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కడివే కూర్చుని యాప్ రాయొచ్చు. సినిమా అట్లా కాదు. ఒకడు కెమెరా పట్టుకుంటే ఇంకొకడు మైకు పట్టుకోవాలి, ఇంకొకడు రోడ్డు మీద బండ్లని ఆపాలి, ఇంకొకడు పక్కింటి పిన్నికి సారీ చెప్పాలి.

మరి నాకు మనుషులు ఎట్లా దొరికారంటే, ఒక ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో. మా చెల్లి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్స్ కోసం వెళ్లా. అక్కడి కుర్రాడి కంప్యూటర్లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి ఉంది. టైమ్‌లైన్ మీద పన్నెండు ట్రాకులు. "ఏంది తమ్ముడూ ఇది" అన్నా. "మా షార్ట్ ఫిల్మ్ అన్నా" అన్నాడు, ఫ్లెక్స్‌లో మా చెల్లి ఫొటోకి చెంపలు తెల్లగా చేస్తూనే. ఆదివారం రమ్మన్నాడు.

వెళ్లేసరికి ఏడుగురున్నారు. పేర్లు చెప్పను, వాళ్లు వద్దన్నారు. గుంపుకి పేరు కూడా లేదు, వాట్సాప్ గ్రూపుకి పెట్టుకున్న పేరు బయటకి చెప్పేలా లేదు (నవ్వు). ఒకాయన ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్, నలభై దాటినాయన, మేమంతా అన్న అంటాం. ఒకడు పెళ్లిళ్లకి వీడియో తీసేవాడు. ఒకక్క స్కూల్లో టీచర్. ఒకడు ఆటో నడుపుతాడు. ఇద్దరు డిగ్రీ చదివే పిల్లలు. ఆ ఫ్లెక్స్ కుర్రాడు. నేను ఎనిమిదో వాడిని.

నేనేం అనుకున్నానో దాచకుండా చెప్తా. నా దగ్గర అందరికంటే మంచి కెమెరా ఉంది, బీటెక్ ఉంది, ఇంగ్లీష్ సినిమాలు చూశా. వెళ్లగానే డైరెక్షన్ ఇస్తారనుకున్నా. అన్న నా కెమెరాని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది, జాగ్రత్తగా సంచిలో పెట్టు" అని నా చేతికి ఒక థర్మోకోల్ షీటు ఇచ్చాడు. నాలుగు గంటలు ఎండలో దాన్ని పట్టుకుని నిలబడ్డా. హీరో మొహం మీద వెలుగు పడేలా. ఏప్రిల్ నెల, మన కొత్తగూడెం జిల్లా ఎండ, మీకు చెప్పక్కర్లేదు.

మొదటి రెండు గంటలు కోపం. మూడో గంటలో ఒకటి కనిపెట్టా. షీటుని రెండంగుళాలు వంచితే ఆ అమ్మాయి కళ్లల్లో చుక్కలా వెలుగు వస్తోంది, ఇంకో రెండంగుళాలు వంచితే పోతోంది. ట్యుటోరియల్‌లో ఈ విషయం పది సార్లు విన్నా, చేతికి తెలిసింది మాత్రం ఆరోజే.

అందుకే భూర్గంపాడు తమ్ముడికి మొదటి మాట. గుంపులో చేరేటప్పుడు "నేను డైరెక్టర్‌ని" అని వెళ్లకు. "ఏం పట్టుకోమంటారు" అని వెళ్లు. మైకు కర్ర పట్టుకునేవాడికి ఎప్పుడూ కొరతే. నిజంగా చెప్తున్నా, షార్ట్ ఫిల్ములు చెడిపోయేది పిక్చర్ దగ్గర కాదు, సౌండ్ దగ్గర. ఫోన్‌లో తీసిన బొమ్మని జనం క్షమిస్తారు. మాట వినపడకపోతే పది సెకన్లు కూడా ఉండరు. మా దగ్గర అయితే ఇంకా కష్టం, బొగ్గు లారీలు, కుక్కలు, మైకులో గుడి పాటలు. మేం చేసేది ఏంటంటే, నటించేవాళ్ల చొక్కా జేబులో ఇంకో ఫోన్ పెట్టి రికార్డర్ ఆన్ చేస్తాం, ఏరోప్లేన్ మోడ్‌లో. షాట్ మొదట్లో చప్పట్లు ఒకసారి కొడతాం. ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల దగ్గర రెండింటినీ కలుపుకుంటాం. క్లాప్ బోర్డు చేసే పని కూడా అదేగా. ఖర్చు సున్నా.

ఇప్పుడు "ఊళ్లో ఉండి ఏం తీస్తాం అన్నా" అనే ప్రశ్నకి వద్దాం. ఇది నన్ను కూడా చాలాకాలం తిన్న ప్రశ్న.

మహారాష్ట్రలో మాలేగావ్ అని ఒక ఊరుంది. పవర్‌లూమ్ మగ్గాల ఊరు. అక్కడ నాసిర్ షేక్ అనే ఆయన వీడియో పార్లర్ నడిపేవాడు. సినిమాలు చూపించీ చూపించీ, 2000లో వాళ్ల ఊరి మనుషులతోనే షోలే తీశాడు. మాలేగావ్ కా షోలే. మగ్గం పనివాళ్లే నటులు. క్రేన్ షాట్ కావాలంటే ఎడ్లబండి, ట్రాలీ షాట్ కావాలంటే సైకిల్. తర్వాత వాళ్లు సూపర్‌మ్యాన్‌ని కూడా మాలేగావ్‌కి తెచ్చారు. ఆ షూటింగ్ మీద ఫైజా అహ్మద్ ఖాన్ 2008లో సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్ అని డాక్యుమెంటరీ తీసింది. ఈమధ్య రీమా కాగ్తి అదే కథని పెద్ద సినిమాగా తీసింది, అది 2025లో థియేటర్లకి వచ్చింది. మీరు పెద్ద సినిమా చూసినా చూడకపోయినా, డాక్యుమెంటరీ మాత్రం చూడండి. అందులో సూపర్‌మ్యాన్ వేషం వేసిన షఫీక్ మగ్గం మీద పనిచేసే బక్కపల్చటి మనిషి. జబ్బు మనిషి కూడా. ఆ సినిమా చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలా.

మాలేగావ్‌లో మగ్గాలకి శుక్రవారం సెలవు. సినిమాల పిచ్చంతా ఆ సెలవు చుట్టూ తిరుగుద్ది. ఇది చూసి మా అన్న, అదే డంపర్ అన్న, పగలబడి నవ్వాడు. ఎందుకంటే మా షూటింగ్ షెడ్యూల్ కూడా సింగరేణి షిఫ్టుల మీదే ఉంటది. ఫస్ట్ షిఫ్ట్ వారం అయితే సాయంత్రం సీన్లు, సెకండ్ షిఫ్ట్ వారం అయితే పొద్దున సీన్లు. నైట్ షిఫ్ట్ వారంలో అన్నని పిలవం. పాపం వస్తాడు గానీ, తాగుబోతు వేషం తప్ప ఏదీ కుదరదు ఆ కళ్లతో.

మన దగ్గరికే వద్దాం. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. మై విలేజ్ షో మీకందరికీ తెలుసు. శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టాడు. ఇప్పుడు చూసి "ఎంత ఫేమస్" అంటాం గానీ, 2012 అంటే మన ఊళ్లలో ఒక నిమిషం వీడియో లోడ్ అవ్వాలంటే చాయ్ తాగి రావాల్సిన రోజులు. జియో వచ్చింది 2016లో. అంటే మధ్యలో నాలుగేళ్లు చూసేవాళ్లు పెద్దగా లేకుండానే తీశారు. కూలి పనులు చేసుకున్న గంగవ్వ ఆ వీడియోల్లోంచే అందరికీ తెలిసింది, మల్లేశం సినిమాలో కనిపించింది, 2020లో బిగ్ బాస్ దాకా వెళ్లింది. నన్నడిగితే బిగ్ బాస్ కంటే ఆ వీడియోల్లోనే ఆమె బాగుంటది. అది నా అభిప్రాయం, కొట్టొద్దు.

విశాఖపట్నంలో కంచరపాలెం. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం చూడనివాళ్లు ఈ వీడియో ఇక్కడే ఆపి అది చూసి రండి. డైరెక్టర్ వెంకటేష్ మహా. తెర మీద కనిపించేవాళ్లలో 80 మందికి పైగా ఆ పేట మనుషులే, అంతకుముందు కెమెరా ముందు నిలబడినవాళ్లు కాదు. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో డాక్టర్, సలీమా వేషం కూడా ఆమే వేసింది. పూర్తయిన సినిమాని చూసి రానా దగ్గుబాటి ముందుకొచ్చి విడుదల చేయించాడు. ఇక్కడ వరస గమనించండి. ముందు సినిమా, తర్వాత పెద్దోళ్లు. మనం ముందు పెద్దోళ్ల నంబరు కోసం తిరుగుతాం.

తరుణ్ భాస్కర్ పెళ్లి చూపులుకి ముందు సైన్మా అని షార్ట్ ఫిల్మ్ తీశాడు. తెలంగాణ మాటలో, పాత సినిమా టాకీసు రోజుల మీద. 2016లో పెళ్లి చూపులు, దానికి జాతీయ అవార్డు. సుజీత్ కూడా షార్ట్ ఫిల్ముల నుంచే వచ్చాడు, 2014లో రన్ రాజా రన్. ఇవన్నీ చెప్పి మిమ్మల్ని ఊరించడం నా ఉద్దేశం కాదు. వీళ్ల పక్కన షార్ట్ ఫిల్ములు తీసి ఆగిపోయినవాళ్లు కొన్ని వేల మంది ఉంటారు, వాళ్ల మీద ఎవరూ వీడియో చేయరు. నేను అడిగేది ఒకటే. ఆగిపోయినా పర్వాలేదు అనుకునేంత ఇష్టం ఉందా? మా అన్నకి ఉంది. ఆయన ఎప్పటికీ డంపర్ ఆపరేటరే, ఆయనకి ఇండస్ట్రీలోకి రావాలని లేదు. సంవత్సరానికి రెండు సినిమాలు తీసి, కాలనీలో గోడ మీద దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టర్‌తో చూపించి, మిర్చి బజ్జీలు తిని పడుకుంటాడు. కేరళలో జాన్ అబ్రహాం అనే దర్శకుడు, ఒడెస్సా అనే గుంపు కలిసి ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో అమ్మ అరియాన్ తీశారని చెప్తే, "మరి మనం వినాయక చవితి చందాల్లోంచి తీయొచ్చా" అన్నాడు. తీయలేదు లెండి.

ఇంక అసలు విషయం. ఈ ఎపిసోడ్ చేయడానికి నాలుగు వారాలు వాయిదా వేసింది దీని వల్లే.

గుంపులో చేరిన ఆరు నెలలకి నాకు ధైర్యం వచ్చింది. సొంతంగా చిన్న చిన్న వీడియోలు పెడుతున్నా. మా చుట్టూ అడవి, కోయ గూడేలు. ఒక గూడెంలో లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు, ఒక అవ్వ ఇప్పపూలు ఎండబోస్తోంది. పొద్దున్నే ఎండ, పొగ, ఆ మొహం. ఎవర్నీ అడగలా. దూరం నుంచి జూమ్ చేసి తీశా. పదిహేను సెకన్ల రీల్. వెనకాల ఢంఢం అని ఒక అడవి మ్యూజిక్ పెట్టా, యాప్‌లో ట్రెండింగ్‌లో ఉన్నది. మూడు రోజుల్లో నలభై వేల మంది చూశారు. నా జీవితంలో అన్ని చూపులు అదే మొదటిసారి. రాత్రి నిద్రలేచి కూడా ఫోన్ చూసుకున్నా.

నాలుగో రోజు టీచరక్క ఫోన్ చేసింది. తిట్టలేదు. "ఆ అవ్వ మీ నాయనమ్మ అయితే ఆ మ్యూజిక్ పెట్టేవాడివా?" అంది. ఫోన్ పెట్టేసింది. కింద ఏం రాస్తున్నారో అప్పటిదాకా సరిగా చదవలా నేను, అంకెలే చూస్తున్నా. చదివా. ఇక్కడ చెప్పలేను ఆ మాటలు.

డిలీట్ చేశా. చేస్తే అయిపోద్దా? వేరేవాళ్లు డౌన్‌లోడ్ చేసి మళ్లీ పెట్టారు. ఇప్పటికీ ఎక్కడో తిరుగుతా ఉంటది.

ఆదివారం అన్న నన్ను బండెక్కించుకుని ఆ గూడేనికి తీసుకెళ్లాడు. అవ్వకి రీల్ అంటే ఏంటో తెలీదు, మేం చెప్పింది విని మంచినీళ్లిచ్చింది. ఆమె మనవడు ఉన్నాడు, భద్రాచలంలో డిగ్రీ చదువుతాడు. అతనికి మొత్తం తెలుసు. కాలేజీలో ఫ్రెండ్స్ ఆ మ్యూజిక్ నోటితో కొట్టి చూపించారంట అతనికి. నేను సారీ చెప్పా. అతను "సరే" అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలీదు, ఆ సరేలో అది లేదు.

వచ్చేముందు ఒక్కటే అడిగాడు. "మీ సినిమాల్లో కోయోళ్లు ఉంటారు గదా, వాళ్లు వంకర తెలుగు ఎందుకు మాట్లాడతారు? మేం ఇంట్లో మాట్లాడేది కోయ కదా." మా దగ్గర జవాబు లేదు. నిజమే, మా గుంపు అంతకుముందు తీసిన రెండు సినిమాల్లో కామెడీ కోసం ఒక కోయ వేషం ఉంది. దాన్ని వేసింది మా ఆటో తమ్ముడు, అతను కోయ కాదు. మాకెవరికీ అది తప్పనిపించలేదు, ఆ గూడెంలో నిలబడేదాకా.

తర్వాత గుంపులో గొడవైంది. చిన్నది కాదు. పెళ్లి వీడియోల తమ్ముడు "ఇట్లా ప్రతిదానికీ ఆలోచిస్తే కామెడీ చేయలేం" అన్నాడు, రెండు నెలలు రాలేదు. వాడు చెప్పిందాంట్లో నాకు కొంత నిజం కనిపించింది, ఇప్పటికీ కనిపిస్తది. కానీ ఆ రెండు సినిమాల్నీ దాచేశాం. ఒకదానికి లక్ష దగ్గర వ్యూస్ ఉన్నాయి. అన్న వేలు నొక్కేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు. నొక్కాడు.

అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి. ఎవరి మొహం తీయాలన్నా ముందు వెళ్లి మాట్లాడటం, ఎక్కడ పెడతామో చెప్పడం, ఎడిట్ అయ్యాక వాళ్ల ఫోన్‌లోనో మన ఫోన్‌లోనో చూపించడం, వద్దంటే తీసేయడం. పిల్లలైతే అమ్మానాన్నల్ని అడగడం. కాగితం మీద సంతకం కూడా తీసుకుంటాం గానీ, సంతకం పెట్టించుకున్నంత మాత్రాన అడిగినట్టు కాదు అని టీచరక్క అంటది.

ఇప్పుడొక కథ రాస్తున్నాం. కోయ భాషలో. కథ మాది, డైలాగులు మాత్రం ఆ మనవడికి పంపుతున్నాం, అతను వాయిస్ మెసేజుల్లో సరిచేసి పంపుతాడు. నేను రాసిన ఒక సీన్‌కి "ఇట్లా మా దగ్గర ఎవరూ ఏడవరు" అని మొత్తం కొట్టేశాడు. టైటిల్స్‌లో పేరు వేసుకుంటామంటే "సినిమా చూశాక చెప్తా" అన్నాడు. గుంపులోకి రమ్మంటే రాలేదు. డబ్బులిస్తామంటే తీసుకున్నాడు, తీసుకోవాలి కూడా, అది పని.

సరే. కొంచెం నీళ్లు తాగి, పనికొచ్చే ముచ్చట్లు కొన్ని చెప్తా.

మా దగ్గర కనిపించిన చోటల్లా కెమెరా తీయడానికి లేదు. ఓపెన్‌కాస్ట్ గని లోపల పర్మిషన్ లేకుండా షూటింగ్ కుదరదు, చుట్టంలాగా వెళ్లి ఫోన్‌లో తీసినా మిమ్మల్ని తీసుకెళ్లిన ఉద్యోగికే మెమో వస్తది. అశ్వాపురం దగ్గర హెవీ వాటర్ ప్లాంట్ ఉంది, అణుశక్తి శాఖకి సంబంధించింది. ఆ గోడ వైపు కెమెరా తిప్పే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. భద్రాద్రి పవర్ ప్లాంటు చిమ్నీలు దూరం నుంచి ఎంత బాగున్నా, దగ్గరికెళ్లి డ్రోన్ లేపొద్దు. డ్రోన్‌లకి 2021లో కొత్త రూల్స్ వచ్చాయి, డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మ్యాప్ ఉంటది, ఎరుపు రంగు ఉన్నచోట కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. ఎగరేసే ముందు అది చూసుకోండి. రైల్వే స్టేషన్‌లో రైల్వే పర్మిషన్, రిజర్వ్ ఫారెస్ట్‌లో అటవీశాఖ పర్మిషన్. ఇవన్నీ విని ఇంకేం మిగిలింది అనకండి. గోదావరి ఒడ్డు ఉంది, క్వార్టర్లున్నాయి, సంత ఉంది, మన ఇళ్లున్నాయి. మా సినిమాల్లో సగం వంటింట్లోనే.

డబ్బులు. మా పద్ధతి, షూటింగ్ రోజున అన్నం, పెట్రోల్ ఖర్చు గుంపు మీద. ఉద్యోగం ఉన్నవాళ్లు ఎక్కువ వేస్తారు, చదువుకునేవాళ్లు వేయరు. ఎంత ఖర్చయిందో అదేరోజు రాత్రి గ్రూపులో పెట్టాలి. చాయ్‌తో సహా. వింటానికి చిన్నదిగా ఉంటది గానీ, నేను విన్న గుంపుల్లో విడిపోయినవన్నీ కథ దగ్గర కాదు, లెక్క దగ్గరే విడిపోయాయి. లేదంటే పేరు దగ్గర. ఎవరి పేరు ఎక్కడ పడుద్దో షూటింగ్‌కి ముందే రాసుకోండి. అన్నం వండిన అమ్మ పేరు కూడా.

మిమ్మల్ని డబ్బులడిగే "ఆడిషన్"లకి మాత్రం వెళ్లొద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, పోర్ట్‌ఫోలియో ఫీజు, హీరో పక్కన ఫ్రెండ్ క్యారెక్టర్‌కి ఇంత. మా డిగ్రీ పిల్లాడు ఒకడు మేం కలవకముందు పద్దెనిమిది వేలు ఇట్లాగే పోగొట్టుకున్నాడు. వాళ్ల నాన్న మిరపతోటలో కూలికెళ్లి సంపాదించిన డబ్బులు. వాడు మా గుంపులోకి వచ్చిన మొదటిరోజు "ఎంత కట్టాలి" అని అడిగాడు. ఆ మాట వినగానే ఎవరికీ నవ్వు రాలేదు.

ఇల్లెందు చెల్లికి ప్రత్యేకంగా. నీ మెసేజ్‌లో "ఇంట్లో ఒప్పుకోరు" అన్నావు. మా గుంపులో నటించే అమ్మాయి ఇంట్లో కూడా ఒప్పుకోలేదు. టీచరక్క వెళ్లి వాళ్లమ్మతో మాట్లాడి, "మీరే రండి షూటింగ్‌కి" అంది. వచ్చింది. మూడో షూటింగ్‌కి వాళ్లమ్మే "ఆ చీర బాలేదు, ఇది కట్టించు" అంటోంది. అందరిళ్లల్లో ఇట్లా కుదరదు, నాకు తెలుసు. కానీ నువ్వు ఏ గుంపులో చేరినా ముందు చూసుకోవాల్సింది, అక్కడ ఇంకో ఆడమనిషి ఉందా, ఎక్కడ షూటింగో ఎన్నింటికి అయిపోద్దో ముందే చెప్తున్నారా, నువ్వు ఒక సీన్ చేయనంటే మొహం మాడ్చుకోకుండా వింటున్నారా. "రాత్రికి డిస్కషన్ ఉంది, ఒక్కదానివే రా" అన్న గుంపు గుంపు కాదు. నీకు నటించడం కుదరకపోతే ఎడిటింగ్ ఉంది, ఫోన్‌లోనే ఇంట్లో కూర్చుని చేయొచ్చు. మా చివరి సినిమా సబ్‌టైటిల్స్ మొత్తం ఒకమ్మాయి సత్తుపల్లి నుంచి చేసింది, మేం ఆమెని ఇంతవరకు చూడనే లేదు.

మ్యూజిక్ సంగతి కూడా. సినిమా పాట తీసుకుని మీ షార్ట్ ఫిల్మ్‌లో పెడితే యూట్యూబ్ దాన్ని దానంతటదే పట్టేస్తది, వచ్చే రూపాయి పాట ఓనర్‌కి వెళ్తది, లేదా వీడియోనే ఆగిపోద్ది. మా ఊళ్లో డోలు వాయించేవాళ్లున్నారు, హార్మోనియం మాస్టారున్నారు. వాళ్లని అడగండి, డబ్బులిచ్చి.

ఇంకొకటి, ఫుటేజ్ రెండు చోట్ల పెట్టండి. మా రెండో సినిమా క్లైమాక్స్ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉండేది. ఉండేది.

ఉద్యోగం మానేయనా అని అడిగినవాళ్లకి. నేను మానేశా, నిజమే. కానీ మానేసినప్పుడు నాకు ఈఎంఐ అయిపోయింది, బ్యాంకులో ఏడాదికి సరిపడా ఉంది, ఉండటానికి నాన్న ఇల్లుంది. అది లేనివాళ్లకి నన్ను చూపించి ఎవరైనా మోటివేషన్ ఇస్తే నమ్మొద్దు. ఇప్పటికీ నెలలో పది రోజులు ఫ్రీలాన్స్ కోడింగ్ చేస్తేనే ఈ వీడియోలు వస్తున్నాయి. మా నాన్న ఇప్పటికీ చుట్టాలకి "వాడు కంప్యూటర్ పని చేస్తాడు" అనే చెప్తారు. అబద్ధం కాదుగా.

నాన్న మా సినిమా ఒక్కటి కూడా గోడ మీద చూడ్డానికి రాలేదు. మొన్నటిదాకా. మొన్న షోకి దుప్పటి కట్టడానికి తాడు సరిపోకపోతే, ఆయనే ఇంట్లోంచి తాడు తెచ్చి, ముడి మీరు వేసింది ఊడిపోద్ది అని తనే కట్టి, సినిమా మొదలయ్యేలోపు వెళ్లిపోయారు.

వచ్చే ఆదివారం షూటింగ్ ఉంది. గోదావరి ఒడ్డున, పొద్దున ఐదున్నరకి. అన్నకి సెకండ్ షిఫ్ట్ వారం, అందుకే పొద్దున. మైకు కర్ర పట్టుకునే డిగ్రీ పిల్లాడికి పరీక్షలు, రాడు. మణుగూరు, పినపాక, అశ్వాపురం చుట్టుపక్కల ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. చేతులు నొప్పి పుడతాయి, ముందే చెప్తున్నా. ఇడ్లీ మేం తెస్తాం.

అయ్యో, కరెంటు పోయింది. ఫోన్ బ్యాటరీ తొమ్మిది శాతం ఉంది, కింద అమ్మ పిలుస్తోంది. ఉంటానండీ.